పర్సోం అంటే ఏ రోజు?

అణు విద్యుత్ కేంద్రంలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి వచ్చానంటే హైదరాబాద్ పాత బస్తీలోని మా మొఘల్‌పురా గల్లీలో మొదట అడిగే ప్రశ్న ఒకటే: "అంటే బాంబులు జేసిండ్రా సార్?" కాదయ్యా, కరెంటు చేశామంటే మొహాలు చిన్నబోతాయి. ఇస్త్రీ బండి మల్లేశ్‌కైతే ఇప్పటికీ బాధే. "గన్ని దినాలు గల్లీల కరెంటు పోతే చీకట్ల కూసున్నం. మీకొక్క ఫోన్ గొడ్తే అయిపోతుండె గద" అంటాడు.

ఈ మధ్య మాత్రం ఒక సరైన ప్రశ్న వచ్చింది. మా పక్కింటి బాలరాజు వాళ్లది తాతల నాటి పాల వ్యాపారం. వాళ్ల బిడ్డ సునీత మెకానికల్ చదివి అలాంటి కేంద్రంలోనే ట్రైనీ ఇంజనీరుగా ఎంపికైంది. బాలరాజు పాల క్యాను గడప పక్కన పెట్టి, "అన్నా, పొల్లకు జెర చెప్పు, ఆడ ఏం జెయ్యాల్నో, ఏం జెయ్యొద్దో" అన్నాడు. సునీత నోట్‌బుక్కు తెరిచి కూర్చుంది.

"పెద్దబాపు, ఆడ ఇంజనీరుకు రోజంత ఏం పని ఉంటది?"

"రాసుడు" అన్నాను.

ఆ అమ్మాయి అదే మాట రాసుకుని, తరవాతి దానికోసం పెన్ను పట్టుకుని చూసింది. అందుకే ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు ఎలా వస్తాయో, ఏ ఫారం ఎక్కడ నింపాలో చెప్పేవాళ్లు అక్కడ బోలెడుమంది దొరుకుతారు. నేను చెప్పేది ఇన్‌స్పెక్షన్ గురించి, అందులో నేను చేసిన ఒక తప్పు గురించి.

రంగు వేసి ఉందండీ

నియంత్రణ సంస్థ వాళ్లు ఏడాదికి కొన్నిసార్లు మా కేంద్రానికి వస్తారు. తిరిగి చూస్తారు, రికార్డులు అడుగుతారు, లోపం కనిపిస్తే ఒక వాక్యం రాస్తారు. దాన్ని మేం పాయింట్ అంటాం. వాళ్లది ఒక వాక్యం, దానికి మాది ఒక నెల. వాళ్లు రాకముందు తుడవడం, వచ్చినప్పుడు వెంట తిరగడం, వెళ్లాక జవాబులు రాయడం. ఈ మూడింటి మధ్య సందు దొరికితే యంత్రాలు చూసుకునేవాళ్లం.

మా సెక్షన్‌లో ఏడుగురు ఇంజనీర్లం. పాయింట్లు పడ్డ నెలలో ఐదుగురు జవాబులు రాసేవాళ్లు, ఇద్దరు ఆ ఐదుగురి ఇంగ్లీషు దిద్దేవాళ్లు. యంత్రాల దగ్గర మా టెక్నీషియన్ యాదగిరి ఉండేవాడు. దేశానికి కరెంటు ఎవరిస్తున్నారంటే ఆ నెలల్లో యాదగిరే ఇచ్చాడని నేను ఒట్టేసి చెప్పగలను.

మా సెక్షన్ హెడ్ మూర్తి గారు గోదావరి జిల్లా మనిషి. బంగారం లాంటి మనిషి, ఒక్క ఇన్‌స్పెక్షన్ రోజుల్లో తప్ప. ఆ రోజుల్లో ఆయనకు ఆకలి ఉండదు, మాకు తిండి ఉండదు. ఒకసారి ఇన్‌స్పెక్షన్ ఉందని పంపు హౌసంతా కొత్త రంగు వేయించారు. పెయింటర్లు శ్రద్ధగల మనుషులు. పైపులకు వేశారు, వాల్వులకు వేశారు, వాల్వు తెరిచి ఉందా మూసి ఉందా చూపించే చిన్న పలక ఉంటుంది చూడండి, దాని మీదా రెండు పూతలు వేశారు.

ఇన్‌స్పెక్టరు ఒక వాల్వు ముందు ఆగాడు. "ఇది తెరిచి ఉందా, మూసి ఉందా?" అని అడిగాడు.

మూర్తి గారు దాన్ని అటు చూశారు, ఇటు చూశారు. చెమట తుడుచుకుని, "రంగు వేసి ఉందండీ" అన్నారు.

ఆ తరవాత మూడు వారాలు, ఇంజనీరింగ్ డిగ్రీలున్న ఏడుగురం చేతుల్లో బ్లేడ్లు పట్టుకుని పలకల మీద రంగు గీకాం. రంగు ఎందుకు పడిందనే దానికి మూల కారణం వెతుకుతూ నాలుగు పేజీలు రాశాం. పెయింటరు బ్రష్షుతో వేశాడు కాబట్టి పడిందని రాస్తే ఒప్పుకోరు.

అప్పుడే నేనొక సూత్రం కనిపెట్టి, కింది వాళ్లందరికీ నేర్పాను. ఇన్‌స్పెక్టరు అడిగినదానికే జవాబు చెప్పాలి. గడియారం ఉందా అంటే ఉందనాలి, టైమెంతో చెప్పకూడదు. దీన్ని అందరూ నా తెలివి అని మెచ్చుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఒక్క మాట

యాదగిరిదీ పాత బస్తీయే, హుస్సేనీ ఆలం. నేను పుట్టి పెరిగింది దబీర్‌పురా. రైలులో ఒక రాత్రి దూరంలో ఉన్న కేంద్రంలో మేమిద్దరం ఒకే సెక్షన్‌లో పడటం నా అదృష్టం. యాదగిరి చదువు పదో తరగతి. కానీ పొడవాటి స్క్రూడ్రైవరు మొన యంత్రానికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటే, లోపల ఏ బేరింగు ఏడుస్తోందో చెప్పేవాడు. లక్షలు పోసి కొన్న కంపనాల మీటరు మా దగ్గర ఉండేది. మీటరు చెప్పింది నిజమా కాదా అని మేం యాదగిరిని అడిగేవాళ్లం.

ఒక ఏడాది ఆషాఢంలో కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చారు. త్రిపాఠి గారు, ఉత్తరాది మనిషి. నెమ్మదస్తులు, నవ్వరు, ప్రతి మాటా రాసుకుంటారు. ఆయనతో డీజిల్ జనరేటర్ గదికి నేనూ యాదగిరీ వెళ్లాం. బయటి నుంచి వచ్చే కరెంటు పోతే, రియాక్టరును చల్లబరిచే పంపులు ఆగకుండా నడిపేది ఆ జనరేటర్లే. ఆ జనరేటరు వేడెక్కకుండా నీళ్లు తోసే చిన్న పంపు ఒకటి ఉంటుంది. చిన్నదే కానీ అది ఆగితే జనరేటరు ఆగుతుంది. త్రిపాఠి గారు దాని పునాది బోల్టులు చూపించి, వీటిని చివరిసారి ఎప్పుడు బిగించి చూశారని హిందీలో అడిగారు.

యాదగిరి ఛాతీ విరుచుకుని చెప్పాడు: "పర్సోంచ్ దేఖే సాబ్." పర్సోమే చూశాం అని.

హిందీలో పర్సోం అంటే మొన్న. నిన్న కాక మొన్న, లెక్కకు రెండు రోజుల కింద. కానీ మా పాత బస్తీలో పర్సోం అంటే అట్ల కాదు. మాకు జరిగిపోయినదంతా పర్సోమే. మా నాయనమ్మ తన పెళ్లి పర్సోం అయిందనేది. తెలుగులో మొన్న అనే మాటకూ ఈ జబ్బు ఉంది, కాకపోతే అంత ముదరలేదు. యాదగిరి చెప్పిన పర్సోం, మరమ్మతులకు యంత్రాలు ఆపిన చలికాలం షట్‌డౌన్. ఏడు నెలల కింద. నాకది తెలుసు. రికార్డు నా చేతిలో ఫైల్లోనే ఉంది.

త్రిపాఠి గారు "పర్సోం" అని రాసుకుని, పక్కన "సోమవారం" అని రాశారు. ఆ రోజు బుధవారం. ఆ రాత నేను కళ్లారా చూశాను. నన్నేమీ అడగలేదు. అడిగినదానికే జవాబు గదా. నోరు మూసుకున్నాను.

నా తప్పు ఇదే. ఇక జరిగిందంతా దీని పిల్లలు.

గోడ దూకిన మనిషి

మర్నాడే పాయింట్ పడింది. సోమవారం నాడు పర్మిట్ లేకుండా భద్రతా యంత్రం మీద పని జరిగింది, అని. పర్మిట్ అంటే ఏ యంత్రమైనా ముట్టుకునే ముందు తీసుకోవాల్సిన రాతపూర్వక అనుమతి. అది లేకుండా పనిచేయడం మా దగ్గర దొంగతనం కంటే పెద్ద నేరం. మేం చలికాలం రికార్డు పట్టుకుని పరుగెత్తాం. త్రిపాఠి గారు దాన్ని చదివి, "ఇది బాగుంది. సోమవారం చేసిన దానిది ఏది?" అన్నారు.

సోమవారం ఏ పనీ జరగలేదండీ అంటే, "మీ టెక్నీషియనే చెప్పాడు. పర్సోం హిందీ మాట. నాకు హిందీ వచ్చు" అన్నారు.

అప్పుడు మూర్తి గారికి ఒక తెలివి తోచింది. హాజరు రికార్డు తీయించారు. ఆ సోమవారం యాదగిరి కేంద్రంలోనే లేడు. బోనాలకు సెలవు పెట్టి హైదరాబాద్ వెళ్లాడు. మూర్తి గారు పటికబెల్లం దొరికిన పిల్లాడిలా ఆ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టారు.

త్రిపాఠి గారు తేదీ సరిచూసుకుని, ఇంకో పాయింట్ రాశారు. మనిషి గేటులో నమోదు కాకుండా లోపలికి వచ్చి పనిచేశాడు, అని.

ఇక చూస్కోండి లొల్లి. సెక్యూరిటీ వాళ్లు దిగారు. ప్రహరీ చుట్టూ తిరిగి, యాదగిరి ఎక్కడ దూకి ఉంటాడో కొలతలు తీశారు. చివరికి యాదగిరినే పిలిచి, గోడ ఎక్కి చూపించమన్నారు.

"ఎందుకెక్కాలె సార్? నేనెక్కలే గద" అన్నాడు యాదగిరి.

"ఎక్కలేదని తేలాలంటే ఎక్కి చూపించాలి గదా."

పాపం, మోకాళ్ల నొప్పులతో మూడుసార్లు ప్రయత్నించి, మూడుసార్లూ జారి కింద కూర్చున్నాడు. వాళ్లు నివేదికలో ఇలా రాశారు: గోడ ఎక్కలేకపోయాడు, కాబట్టి లోపలికి వచ్చిన పద్ధతి తెలియరాలేదు.

జరగని పనికి ఏడుగురు ఇంజనీర్లం మూల కారణం వెతుకుతున్నాం. సెక్యూరిటీ వాళ్లు రాని మనిషి వచ్చిన దారి వెతుకుతున్నారు. ఈలోపు ఇన్‌స్పెక్షన్ బృందం వెళ్లిపోయింది. నెల తరవాత త్రిపాఠి గారు జవాబులు చూడటానికి మళ్లీ వస్తారని కబురొచ్చింది. అప్పటిదాకా యాదగిరి అర్హత పత్రం ఆపేశారు. భద్రతా యంత్రాల మీద పని చేయడానికి ఇచ్చే కాగితం అది. అది లేని టెక్నీషియన్ ఆ గదిలో నిలబడొచ్చు కానీ దేన్నీ ముట్టుకోకూడదు. స్క్రూడ్రైవరు ఆనించి వినడం కూడా ముట్టుకోవడమేనని మూర్తి గారు తేల్చారు.

యాదగిరి పంపుకు రెండు గజాల దూరంలో స్టూలు వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. నేను ఫైళ్లు పట్టుకుని అటు పోయినప్పుడల్లా లేచి నిలబడేవాడు. నాకు మొహం చెల్లేది కాదు.

సంతకం

ఒకరోజు మూర్తి గారు నన్ను పిలిచి తలుపు వేశారు.

"ఏవండీ నర్సింగ్ రావు గారూ, దీన్ని ఇలా సాగదీస్తే మనందరం పోతాం. మీవాడి చేత దీని మీద ఒక్క సంతకం పెట్టించండి. పాయింట్లు రెండూ క్లోజైపోతాయి."

కాగితంలో రెండే వాక్యాలున్నాయి. సోమవారం నేను ఆ పని చేయలేదు. చేశానని ఇన్‌స్పెక్టరుకు తప్పుడు సమాచారం ఇచ్చాను.

"తప్పుడు సమాచారం ఇచ్చానని సంతకం పెడితే పత్రం శాశ్వతంగా రద్దవుతుంది గదా సార్" అన్నాను.

"అవుతుంది. స్టోర్స్‌లో వేద్దాం. జీతం ఎక్కడికీ పోదు. నీడపట్టున గ్యాస్కెట్లు లెక్కపెట్టుకుంటాడు."

యంత్రం గుండె వినే మనిషిని గ్యాస్కెట్లు లెక్కపెట్టమంటున్నారు. ఇంత తెలిసీ నేను ఆ కాగితం తీసుకుని వెళ్లాను. సిగ్గుపడుతూ చెబుతున్నాను, తీసుకునే వెళ్లాను. మా ఏడుగురికీ ఆ నెలంతా కంటి మీద కునుకు లేదు, పాయింట్ పోతే చాలని ఉండేది.

యాదగిరి స్టూలు మీద నుంచి లేచి కాగితం చదివాడు. మెల్లగా, పెదాలు కదుపుతూ చదివాడు.

"మీరు వెట్టమంటే వెడ్త సార్. గని ఒక్క మాట. గా సోమవారం నేను అమ్మవారి ఘటం ఎంబడి నడుస్తున్న. పసుపు నీళ్లల్ల తడుస్తున్న. గసుంటి దినం మీద అబద్ధం ఆడిన అని నా చేత్తో ఎట్ల రాయాలె?"

కాగితం నా చేతికి తిరిగి ఇచ్చాడు.

"మీరు గాడనే ఉంటిరి గద సార్" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామని అడిగినట్టు అన్నాడు. "మీది దబీర్‌పురా. పర్సోం అంటే మీకు తెల్వదా?"

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆఫీసుకు తిరిగివచ్చి మూర్తి గారితో, వాడు సంతకం పెట్టడు, నేను పెట్టించను అని చెప్పాను.

"మరి జవాబు ఏం రాస్తారండీ?"

"పర్సోం అంటే ఏంటో రాస్తాను."

మూర్తి గారు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు.

తొమ్మిది పేజీల నోటు

నా ఉద్యోగ జీవితంలో రియాక్టరు గురించి రాసిన ఏ నోటూ ఇంత బాగా రాయలేదు. పేరు: హైదరాబాద్ వాడుకలో పర్సోం అను పదం యొక్క కాలపరిమితి. ఉదాహరణలు, పట్టిక, గ్రాఫు కూడా పెట్టాను. గ్రాఫులో కింది హద్దు రెండు రోజులు. పై హద్దు ఎంతో తేలక, గీతను పేజీ చివరిదాకా వదిలేశాను. నోటు దిద్దడానికి కూర్చున్న మా ఇంజనీర్లు పై హద్దు మీద రెండు రోజులు వాదించుకున్నారు. మనిషి ఆయుష్షు దాటకూడదని ఒకడు, మా తాత నవాబుల సంగతులు కూడా పర్సోమే అనేవాడని ఇంకొకడు. ఆ రెండు రోజులూ కేంద్రంలో ఏ పంపు ఎలా ఉందో మాలో ఎవరికీ తెలియదు.

త్రిపాఠి గారు వచ్చింది ఒక బుధవారం. ఆ పొద్దున ఆయన్ని తీసుకురావడానికి నేను పోతుంటే, యాదగిరి వరండాలో అడ్డం వచ్చాడు.

"సార్, జెర ఆగుర్రి. గా పంపు సప్పుడు మారింది."

"ఎప్పటిసంది?"

"పర్సోం సంది."

నాకు నవ్వొచ్చింది. తొమ్మిది పేజీలు చంకలో ఉన్నాయి. "నీ పర్సోం సంగతి నాకు చెప్పకు యాదగిరీ. ఇప్పుడు దేశంల నాకంటే ఎక్కువ ఎవరికి తెల్వదు. అదేదో పాత సప్పుడే, తర్వాత చూద్దాం" అని వెళ్లిపోయాను. వెనక నుంచి ఏదో అన్నాడు. నేను ఆగలేదు.

త్రిపాఠి గారు నోటు మొత్తం చదివారు. గ్రాఫు దగ్గర చాలాసేపు ఆగారు. "ఇది మీరు రాసుకున్నది. రుజువు ఏది?" అన్నారు. సరేనని మూర్తి గారూ నేనూ ఆయన్ని క్యాంటీనుకు తీసుకెళ్లాం. అక్కడ చాయ్ పోసే ఖాజా భాయ్‌ది కూడా మా దబీర్‌పురానే. ఎక్కడ ఉద్యోగాల నోటిఫికేషన్ పడినా రైలెక్కే జాతి మాది.

త్రిపాఠి గారు ఖాజా భాయ్‌ని మర్యాదగా అడిగారు: "మీ పెళ్లి ఎప్పుడైంది?"

"పర్సోంచ్ హుయీ సాబ్" అన్నాడు ఖాజా భాయ్, కప్పు తుడుస్తూ.

త్రిపాఠి గారు లేచి చెయ్యి కలిపారు. "ముబారక్ హో."

"షుక్రియా సాబ్. అబ్ బడీ బేటీ కా భీ రిష్తా దేఖ్‌రఁయ్" అన్నాడు ఖాజా భాయ్. పెద్దకూతురికి సంబంధాలు చూస్తున్నాడట.

త్రిపాఠి గారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. అయినా నమ్మకం కుదరలేదు. ఇది ముందే నేర్పించి పెట్టిన జవాబేమోనని, బయటికొచ్చి తానే ఒక మనిషిని ఎంచుకున్నారు. అంబులెన్స్ తుడుస్తున్న డ్రైవరు, వాడూ మా బస్తీవాడే. "ఈ బండి సర్వీసింగ్ ఎప్పుడైంది?"

"పర్సోంచ్ కరాయే సాబ్."

త్రిపాఠి గారు తలుపు తెరిచి, లోపల అంటించిన సర్వీసింగ్ చీటీ చూశారు. పోయిన ఏడాదిది. ఆయన మొహంలో మొదటిసారి ఒక వెలుగు వచ్చింది. "నర్సింగ్ రావు, మీ నోటు సరైనదే" అన్నారు.

నేను గాలి పీల్చుకునే లోపు పుస్తకం తీసి రాశారు: అత్యవసర అంబులెన్స్‌కు ఏడాదిగా సర్వీసింగ్ లేదు. కొత్త పాయింట్.

మూర్తి గారు అంబులెన్స్ మెట్టు మీదే కూలబడ్డారు.

కేలెండర్ పర్సోం

ఇక మిగిలింది పంపు దగ్గరికి వెళ్లి, యాదగిరిని ఒకసారి చూసి, రెండు పాయింట్లు క్లోజ్ చేయడం. త్రిపాఠి గారు కాగితాలు పంపు మూత మీదే పరిచారు. సంతకం పెట్టబోయే ముందు, మంచి మనిషి గనక, మామూలుగా అడిగారు. "యాదగిరి, ఈ పంపుతో ఏమైనా ఇబ్బంది ఉందా?"

యాదగిరి నా వైపు చూశాడు. అడిగినదానికే జవాబని నేర్పింది నేనే. నా కళ్లు ఏం చెప్పాయో నాకు తెలుసు. సంతకం అయ్యేదాకా ఆగరా నాయనా, అని చెప్పాయి.

"ఉంది సాబ్" అన్నాడు యాదగిరి. "ఆవాజ్ బదల్‌గయా."

"ఎప్పటి నుంచి?"

"పర్సోం సే."

గదిలో అందరం ఒక్కసారి గొల్లుమన్నాం. మూర్తి గారు నవ్వారు, నేను నవ్వాను. త్రిపాఠి గారు కూడా నవ్వారు, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వారు. "ఏ పర్సోం, యాదగిరి?"

యాదగిరి నవ్వలేదు. చేతులు వెనక్కి కట్టుకుని చెప్పాడు.

"కేలెండర్ వాలా పర్సోం, సాబ్. సోమ్వార్. సుబే టెస్ట్ మే."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ప్రతి సోమవారం పొద్దున జనరేటరును కాసేపు నడిపి చూస్తాం. ఆ నెలంతా ఆ టెస్టు వేరే షిఫ్టు వాళ్లు చేస్తున్నారు. మీటరు అంకె పోయిన వారం కంటే పెరిగిందని వాళ్లు రాసే ఉన్నారు, కానీ ఆ కాగితం చదవాల్సిన నేను పర్సోం గ్రాఫు గీస్తున్నాను.

త్రిపాఠి గారు పంపు నడిపించమన్నారు. మాకు ఎవరికీ ఏమీ వినిపించలేదు. యాదగిరి జేబులోని స్క్రూడ్రైవరు మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేసి నిలబడ్డాడు. ముట్టుకోకూడదు గదా. త్రిపాఠి గారు అది చూశారు. కిందికి వంగి కాగితాల మీద సంతకాలు చేశారు, ఒకటి, రెండు. "ఇప్పుడు విను" అన్నారు.

యాదగిరి విన్నాడు. పంపు ఆపమని చెయ్యి ఎత్తాడు. పనిముట్ల పెట్టె తెరవబోతూ సగంలో ఆగి మూర్తి గారి వైపు తిరిగాడు.

"ముందుగాల పర్మిట్ తెప్పియ్యిర్రి సార్. లేకుంటే మల్ల పాయింట్ వడ్తది."

పర్మిట్ వచ్చింది. బేరింగు బయటికి తీశారు. బంతులను పట్టి ఉంచే పట్టీ సగం దాకా పగిలింది. ఇంకో రెండు మూడు సోమవారాలు తట్టుకునేది, అంతకంటే కాదు. కరెంటు పోయిన రోజునే అది పోయి ఉంటే ఏమయ్యేదని సునీత అడిగింది. ఇంకో జనరేటరు ఉండేది, నడిచేది. కానీ రెండోది ఉందిలే అనుకునేవాళ్లు ఈ పనికి రాకూడదు.

నేను చెప్పేది

ఇన్‌స్పెక్షన్లు దండగ అని నేను అనను. అనేవాళ్లు మా క్యాంటీను నిండా ఉండేవాళ్లు. ఆ బేరింగును పట్టింది ఇన్‌స్పెక్టరు అడిగిన ఒక్క మామూలు ప్రశ్న. ఆ బేరింగు అక్కడిదాకా రావడానికి కారణం కూడా ఇన్‌స్పెక్షనే, మమ్మల్నందరినీ నెలరోజులు బల్లల దగ్గర కట్టేసింది గనక. రెండూ నిజమే. రెండింటి మధ్యా పనిచేయడమే ఇంజనీరు ఉద్యోగం. కాగితం పెరిగిన నెలలో రోజుకు ఒక గంట, ఎవరేమన్నా సరే, యంత్రం దగ్గర నిలబడు సునీతా. పై వాళ్లు తిడితే తిట్టనీ.

అడిగినదానికే జవాబు చెప్పమని ఎవరైనా నేర్పితే నేర్చుకోకు. అది తెలివి కాదు, పిరికితనం. ఎదుటివాడు తప్పుగా రాసుకుంటున్నాడని తెలిసినప్పుడు, ఆ క్షణంలోనే, "సార్, మా దగ్గర ఆ మాటకు వేరే అర్థం" అని ఒక్క ముక్క చెప్పి ఉంటే, ఏడుగురి నెల మిగిలేది, యాదగిరి స్టూలు మీద కూర్చునేవాడు కాదు. నోటు రాసిన తెలివితో ఆ మనిషి మాటనే కొట్టిపారేశాను చూడు, అది ఇంకా పెద్ద తప్పు. పర్సోం అంటే ఏమిటో నాకు తెలుసనుకున్నాను. యాదగిరిని అడగలేదు.

ఈ గొడవ తరవాత ఏమైందంటారా? దిద్దుబాటు చర్యగా ఒక శిక్షణ తరగతి పెట్టారు. భద్రతా యంత్రాల దగ్గర వాడకూడని మాటలు అని గోడ మీద పలక వేలాడదీశారు. పర్సోం, మొన్న, అభీ, జెర సేపు, ఒక్క నిమిషం. తరగతి చెప్పింది నేనే. మొదటి వారంలోనే మూర్తి గారు తలుపు తీసి, "మొన్న నేర్పిన పాఠమే మళ్లీ చెబుతున్నారాండీ?" అని అడిగి, నాలిక కరుచుకుని తలుపు వేసేశారు. ఆ సంతకం లేని కాగితం మాత్రం నా దగ్గరే ఉంది. సర్వీసు నుంచి నేను ఇంటికి తెచ్చుకున్న కాగితం అదొక్కటే. సునీతకు చూపించాను. ఖాళీ గీత మీద వేలు పెట్టి చూసింది.

యాదగిరి నా కంటే ముందే రిటైరయ్యాడు. ఆ రోజు మూర్తి గారు శాలువా కప్పారు. త్రిపాఠి గారు అప్పుడు ఇంకో పని మీద వచ్చి ఉన్నారు, ఆయనా వచ్చి వెనక వరుసలో కూర్చున్నారు. రెండు మాటలు మాట్లాడమంటే యాదగిరికి మైకు పట్టుకోవడం రాలేదు. దాన్ని స్క్రూడ్రైవరు పట్టుకున్నట్టు చెవి దగ్గర పెట్టుకున్నాడు. అందరం నవ్వాం. కిందికి దించాం. డీజిల్ జనరేటర్ గది వైపున్న కిటికీలోంచి చూశాడు.

"ఏం చెప్పాలె సార్" అన్నాడు. "పర్సోంచ్ వచ్చిన గద ఈడికి."

ఏ పర్సోం అని ఎవరూ అడగలేదు.